జనాభా లెక్కల్లో జీతగాని కుటుంబం
(అశోక్‌నగర్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



మన వయసువారు నలుగురు కలిస్తే మాటలు రెండే. ఒకటి డి.ఆర్. బకాయి, రెండోది మోకాళ్ల నొప్పి. ఈ రెండూ తప్ప మరేదైనా మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం రిజిస్టర్లతోనే బ్రతికినవాణ్ణి. కనుక రిజిస్టర్ల గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

నా ప్రశ్న చిన్నది. విక్టోరియా రాణి కాలంలో, అనగా సుమారు 120 నుంచి 150 ఏండ్ల క్రిందట, మన తెలుగు పల్లెల్లో సెంటు భూమి లేక, పరుల పొలంలో పనిచేసి బ్రతికిన ఒక కుటుంబం ఉందనుకోండి. తండ్రి జీతగాడు, తల్లి పశువుల కొట్టం ఊడ్చేది, పెద్దకొడుకు పసులకాపరి. ఆ కుటుంబాన్ని ఈనాడు సర్కారు కాగితాల్లో వెదికితే దొరుకుతుందా? దొరికితే ఏ కాగితంలో?

ముందు పరదేశం సంగతి చెప్పి తరువాత మన సంగతికి వస్తాను. పోల్చి చూస్తేనే మనకు లేనిది ఏమిటో తెలుస్తుంది.

స్కాట్లండు దేశంలో 1841 మొదలుకొని పదేండ్లకొకసారి జరిగిన జనాభా లెక్కల పుస్తకాలు పేర్లతో సహా భద్రంగా ఉన్నాయి. నూరేండ్లు నిండేవరకు వాటిని ఎవరికీ చూపరు. నిండిన పిమ్మట రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చును. 1921 నాటి లెక్కలను ఆ ప్రకారమే 2022లో తెరిచారు. ఎడింబరోలోని రికార్డుల కార్యాలయం వారు వీటిని ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చూసుకునే ఏర్పాటు కూడా చేశారు.

అక్కడి పాలేరు బ్రతుకు వింటే మన జీతగాడే గుర్తుకు వస్తాడు. పెండ్లి కాని పనివాళ్లు ఆరు నెలలకు, పెండ్లయినవాళ్లు ఏడాదికి రైతు దగ్గర కుదిరేవారు. కుదుర్చుకోవడానికి సంతలే జరిగేవి. మన అంగట్లో ఎద్దుల పండ్లు చూసినట్లు అక్కడ రైతులు మనుషుల భుజబలం చూసి బేరమాడేవారు. జీతంలో కొంత డబ్బు, మిగతాది ఓట్స్ పిండి, ఆలుగడ్డలు, పాలు. ఉండటానికి రైతుదే ఒక చిన్న ఇల్లు. గడువు తీరి మళ్లీ కుదరకపోతే ఇల్లు కూడా ఖాళీ చేసి, సామాను బండికెత్తి మరో ఊరు పోవలసిందే. కొన్ని జిల్లాల్లో అయితే మగవాడు పనికి కుదరాలంటే తనతోపాటు పొలంపనికి ఒక ఆడమనిషిని కూడా తేవాలని షరతు.

ఇట్టి కుటుంబం 1851 తరువాతి లెక్కల పుస్తకంలో ఎలా కనబడుతుందో చూడండి. ఇంటి యజమాని పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు, యజమానికి ఎవరేమవుతారు, ఎవరి వయసెంత, ఏం పని చేస్తారు, ఏ ఊళ్లో పుట్టారు. 1861 నుంచి కిటికీ ఉన్న గదులెన్ని అని కూడా రాశారు. పెద్దపిల్ల ఒక ఊళ్లో పుట్టింది, రెండోవాడు మరో ఊళ్లో, మూడోవాడు ఇంకొక ఊళ్లో. ఆ పుట్టిన ఊళ్ల వరుస చదివితే చాలు, ఆ తల్లిదండ్రులు ఏయే ఏండ్లలో ఏ దారిన మూటాముల్లె సర్దుకుని పోయారో మన కళ్ల ముందు కనబడుతుంది. వాళ్లు చదువుకున్నవాళ్లు కారు, ఆస్తి ఉన్నవాళ్లు కారు. అయినా ఈనాడు వారి మునిమనుమలు ఏ దేశంలో ఉన్నా ఆ వరుస చదివి, ఫలానావారు మావాళ్లు అని చెప్పుకోగలుగుతున్నారు.

ఇక మన దగ్గరకు వద్దాం. మన జీతగాడు ఉగాదికి కుదిరేవాడు. ఏడాదికి ఇన్ని కుంచాల జొన్నలు, ఒక గొంగడి, చెప్పుల జత అని మాట. ఆపదకో, పెండ్లికో, చావుకో దొర దగ్గర అప్పు తీసుకుంటే జీతం అందులోకి పోయేది. అప్పు తీరేది కాదు. తండ్రి పోతే కొడుకు ఆ అప్పు నెత్తిన వేసుకుని అదే కొట్టంలో అదే తాడు పట్టుకునేవాడు. హైదరాబాదు రాజ్యంలో దీనిని భాగేలా అన్నారు. ఈ ఒప్పందాలను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక నిబంధన తెచ్చింది. పూర్తిగా రద్దు చేసింది మాత్రం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టమే. పద్ధతి చూస్తే స్కాట్లండు పాలేరుకూ మనవాడికీ పోలిక ఉంది. ఒక్క తేడా, అక్కడివాడు గడువు తీరాక మూట కట్టుకుని పోగలిగాడు, మనవాడు అప్పు వల్ల పోలేకపోయాడు.

మరి మనవాణ్ణి ఎవరూ లెక్కించలేదా అంటే, లెక్కించారు. నిజాం రాజ్యంలో మొదటి జనాభా లెక్కలు 1881 ఫిబ్రవరి 17న జరిగాయి. మొత్తం జనం 98,45,594 అని తేలింది. 1891లో 1,15,37,040. 1901లో 1,11,41,142. ఈ చివరి రెండింటినీ నడిపించి నివేదికలు రాసినవారు మీర్జా మెహదీ ఖాన్ గారు. 1901 లెక్కలు మార్చి 1న జరిగాయి. అప్పటికి విక్టోరియా రాణి చనిపోయి ఐదు వారాలు దాటింది.

ఆ రోజుల్లో లెక్క ఒకే రాత్రి ముగించేవారు. కొన్ని వారాల ముందే షెడ్యూళ్లు నింపి ఉంచి, ఆ రాత్రి మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, వచ్చినవారిని కలిపి, పోయినవారిని కొట్టివేసేవారు. తిరగడానికి వీలుగా వెన్నెల రాత్రులు చూసి తేదీ పెట్టేవారు. ఆ షెడ్యూలులో పేరు ఉంది, మతం ఉంది, కులం ఉంది, వయసు, భాష, పుట్టిన జిల్లా, వృత్తి, చదువు అన్నీ ఉన్నాయి. ఆడవారి పేరు చెప్పడానికి ఇంటివారు ఒప్పుకోకపోతే ఆ గడిలో 'స్త్రీ' అని వేస్తే సరిపోతుందని ఆనాటి సూచనలు. అంటే మన జీతగాని పేరు కలంతో కాగితం మీద ఒకసారి పడింది. అతని భార్య పేరు పడిందో, 'స్త్రీ' అనే పడిందో చెప్పలేం.

అక్కడి నుంచి ఏమయిందో గుమాస్తాలమైన మనకు తేలికగా అర్థమవుతుంది. షెడ్యూలు వేరు, అబ్‌స్ట్రాక్టు వేరు. 1901లో మన దేశంలో మొదటిసారి స్లిప్పుల పద్ధతి పెట్టారు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క చీటీ. మతాన్ని బట్టి చీటీ రంగు. ఆ చీటీ మీదికి వయసు, కులం, వృత్తి ఎక్కించేవారు, పేరు ఎక్కించేవారు కారు. చీటీలను గడుల పెట్టెల్లో పంచి, కట్టలు కట్టి, లెక్కపెట్టి పట్టికలు తయారుచేసేవారు. పట్టికలు అచ్చయిన తరువాత షెడ్యూళ్లు, చీటీలు నాశనం చేయడమే పద్ధతి. కోట్లమంది పేర్లు రికార్డు గదిలో దాచడానికి స్థలమూ లేదు, దాచాలన్న తలంపూ లేదు. మన జీతగాడు 'వ్యవసాయ కూలీలు' అన్న గడిలో ఒక అంకె అయ్యాడు. ఆ అంకె ఈనాటికీ ఉంది, మనిషి లేడు.

అంకె వల్ల ఏమీ తెలియదని నేను అనను. అంకె కూడా మాట్లాడుతుంది. మద్రాసు రాజధానిలో 1871 లెక్కల నివేదిక రాసినవారు డాక్టర్ కార్నిష్ అనే వైద్యాధికారి. ఆ లెక్కల్లో కర్నూలు జిల్లా జనం 9 లక్షల 14 వేల పైచిలుకు. మధ్యలో 1876-78 కరువు వచ్చింది. తరువాత 1881లో లెక్కిస్తే 6 లక్షల 78 వేల పైచిలుకు మాత్రమే ఉన్నారు. పదేండ్లలో నలుగురిలో ఒకరికంటె ఎక్కువ మంది లేకుండా పోయారు. కొందరు వలసపోయి ఉంటారు, ఎందరో ఆకలికి, కలరాకు పోయారు. ఇట్టి కరువులో ముందుగా పోయేది గింజ నిలువ లేనివాడు, అనగా జీతగాడు, కూలీ. కరువు పనుల్లో మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్ది చిల్లర చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో నిర్ణయించాడు. పౌను అంటే అరకిలోకు తక్కువ. రాళ్లు కొట్టే మనిషికి ఇది చాలదని వాదించినవాడు ఇదే డాక్టర్ కార్నిష్. ఆరేండ్ల క్రిందట ఎవరిని లెక్కపెట్టాడో వారి తిండికోసమే ఆయన పోట్లాడవలసి వచ్చింది.

నిజాం రాజ్యంలో కూడా 1891కీ 1901కీ నడుమ జనం పెరగకపోగా 3,95,898 మంది తగ్గారు. మధ్యలో రెండు కరువులు పడ్డాయి, రెండోది 1899-1900 నాటిది. ఈ మూడు లక్షల తొంభైఅయిదు వేల చిల్లరలో ఏ ఒక్క జీతగాని పేరూ జనాభా లెక్కల్లో దొరకదు. యుద్ధంలో పోయినవారికి రాతి మీద పేర్లు చెక్కుతారు. కరువులో పోయినవారికి పట్టికలో తీసివేత గుర్తు మిగిలింది.

మరి ఆ కాలపు కాగితాల్లో పేరుతో సహా ఎవరు మిగిలారు? ఒకరు పట్టాదారులు. సాలార్‌జంగు గారి సంస్కరణల్లో 1865లో జిల్లాబందీ వచ్చింది, తరువాత సర్వే సెటిల్‌మెంటు వచ్చింది. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు రాశారు. శిస్తు వసూలు చేయాలి కనుక శిస్తు కట్టేవాని పేరు కావాలి. ఆ పొలం దున్నినవాని పేరు సర్కారుకు అవసరం లేదు, కనుక రాయలేదు. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఆఫీసు స్వభావమే అంత. ఎవరి నుంచి రావలసింది ఉందో, ఎవరికి ఇవ్వవలసింది ఉందో వారి పేరే రిజిస్టరులో ఉంటుంది. మన పి.పి.ఒ. పుస్తకం ఉన్నది కూడా అందుకే గదా.

రెండోవారు ఎవరో చెబితే ఆశ్చర్యపోతారు. ఊరు వదిలి సముద్రం దాటిన కూలీలు. 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది. అది మొదలు 1911 వరకు నేటాల్ చెరకు తోటలకు 1,52,184 మంది మన దేశం నుంచి వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి పోయినవారు, గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు అందులో చాలామంది. అంతకు ముందే మారిషస్‌కు తెలుగువారు పోయారు. 1843లో మన కోరంగి రేవు నుంచి వెళ్లిన కోరింగా పాకెట్ ఓడను అక్కడి తెలుగువారు ఇప్పటికీ తలుచుకుంటారు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి.

ఈ ఓడల జాబితాల్లో ఒక్కొక్క కూలీకి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చ లేదా మచ్చ, అన్నీ ఉన్నాయి. ఆడవారికి కూడా పేరుంది. మారిషస్‌లోని మోకా అనే ఊళ్లో మహాత్మాగాంధీ సంస్థ వారి దగ్గర కొందరి ఫోటోలు కూడా ఉన్నాయి. అక్కడివారు ఈనాడు ఆ కాగితం పట్టుకుని మన శ్రీకాకుళం జిల్లాకు వచ్చి, ఇది మా ముత్తాత ఊరు అని మట్టి కళ్లకద్దుకుంటున్నారు. ఇంత వివరంగా ఎందుకు రాశారు? దయతో కాదు. ఐదేండ్ల ఒప్పందం మీద సరకు అప్పజెప్పినట్లు మనిషిని అప్పజెప్పాలి, పారిపోతే పట్టుకోవాలి. దానికి మచ్చలు కావాలి.

అదే తెలుగు కూలీ, అదే రోజుల్లో, బర్మాకు పోతే ఇంత వివరం లేదు. 1937 వరకు బర్మా మన దేశంలో భాగమే కనుక అట్టి పత్రంతో పని పడలేదు. రంగూను రేవులో మూటలు మోసిన మనవారు లక్షల్లో ఉన్నా, వారి పేర్ల జాబితా అట్లా తయారు కాలేదు. ఇక ఏ ఊరూ పోకుండా ఉన్న ఊళ్లోనే దొర పొలంలో జీతం చేసినవాడి సంగతి చెప్పనే అక్కరలేదు.

సర్కారు రాయకపోతే ఊరు గుర్తుపెట్టుకోలేదా? కొంతవరకు పెట్టుకుంది. రెడ్ల వంశాలు చెప్పడానికి పిచ్చుకగుంట్లవారు ఉన్నట్లే, మాదిగలకు డక్కలివారు ఉన్నారు. ఏడాదికో, రెండేండ్లకో ఊరికి వచ్చి, కథ చెప్పి, ఇంటింటి వంశం పేరుపేరునా చదివి, తమకు రావలసిన కట్నం తీసుకునేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య గారు ఆ కులంవారే. చదువులేని కులానికి రికార్డు గది ఆ డక్కలివాని నాలుక. కాని కథ వినేవారు తగ్గారు, వచ్చేవారూ తగ్గారు. కాగితం చెదలు తింటే సగమైనా మిగులుతుంది. మనిషి పోతే మొత్తం పోతుంది.

స్వతంత్రం వచ్చాక కూడా పేరు అంత తేలికగా రాలేదు. మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారుచేసినప్పుడు ఉత్తరాదిన చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావాని భార్యను, ఫలానావాని తల్లిని అన్నారు. సొంత పేరు లేనిదే ఓటు లేదని ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారు పట్టుబట్టారు. దాదాపు 28 లక్షల మంది స్త్రీల పద్దులు తొలగించవలసి వచ్చింది. కఠినంగా కనిపించినా, ఆ పట్టుదల వల్లనే తరువాతి ఎన్నికలకు ఆ తల్లుల పేర్లు కాగితం మీదకు వచ్చాయి. మన తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం ద్వారా రక్షిత కౌలుదారుల పేర్లు రాశారు. 1954-55 ఖాస్రా పహాణీలో సాగు చేసేవాని పేరుకు చోటు దొరికింది. కౌలు కూడా లేని జీతగానికి అందులోనూ చోటు లేదు. అతని ఇంటి పేరు మొదటిసారి సర్కారు రిజిస్టరులో పడింది అతని కొడుకునో, మనుమణ్ణో బడిలో వేసినరోజునే. బడి ప్రవేశ రిజిస్టరులో తండ్రి పేరు, పక్కన వృత్తి: 'కూలి'.

ఇక నేను స్వయంగా చూసిన ఒక సంగతి చెబుతాను. మన చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో నేను పేపరు చదవడానికి పోతుంటాను. అక్కడా, అశోక్‌నగర్ సందుల్లోని హాస్టళ్లలోనూ గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. వారిలో పాలమూరు వైపు అబ్బాయి ఒకడు నాతో పరిచయమయ్యాడు. తెలంగాణ చరిత్రలో భాగేలా పాఠం చదువుతూ, "సార్, మా ముత్తాత కూడా ఇట్లనే జీతం ఉన్నడంట. ఆయన పేరు ఎక్కడన్న రాసి ఉంటదా?" అని అడిగాడు.

నేను నాకు తెలిసిన దారులన్నీ చెప్పాను. తాత బడి రిజిస్టరు నకలు తెచ్చుకున్నాడు, అందులో ముత్తాత పేరు ఒక్క మాటగా ఉంది. ఖాస్రా పహాణీలో లేదు. ఇంకేముంటుందా అని ఆలోచిస్తే, వాళ్ల ఊరివారే ఒక మిత్రుడు నారాయణగూడలో ఉన్నారని గుర్తుకు వచ్చింది. మనవంటి పింఛనుదారే. వారి తాతగారి కాలపు పద్దు పుస్తకాలు అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నవి. అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఏముందండీ అందులో, అన్నీ అప్పుల పద్దులే. ఆ పిల్లవాడు చూస్తే మా తాతను ఏమనుకుంటాడు?" అన్నారు. నేను ఒత్తిడి చేయలేదు. వారం తరువాత ఆయనే ఫోను చేసి రమ్మన్నారు.

పుస్తకం ఫసలీ 1341 నాటిది, అనగా 1931-32. ఆ పేజీలో ముత్తాత పేరు, అతని తండ్రి పేరు ఉన్నాయి. కొడుకు పెండ్లికి 40 హాలీ రూపాయలు అప్పు. జొన్నలు ఇచ్చిన తేదీలు. చెప్పుల జత ఒకటి. గొంగడి లేదు, బదులుగా ఒక రూపాయి. ఒకచోట 'వాని పెండ్లానికి జొన్నలు 2 కుంచాలు' అని ఉంది, ఆమె పేరు లేదు. చివర వేలిముద్ర. ఆ కుర్రవాడు చాలాసేపు వేలిముద్ర మీదనే చూపు పెట్టి కూర్చున్నాడు. తరువాత తలెత్తి, "సార్, ఈ తండ్రి పేరు మా ఇంట్లో ఎవరికీ తెల్వదు" అన్నాడు. మా మిత్రుడు ఆ పేజీ జిరాక్స్ తీయించి అతని చేతిలో పెట్టారు. తాత తరఫున ఏదో అనబోతే, ఆ అబ్బాయే, "మీరు దాచిపెట్టకపోతే ఇది కూడా ఉండకపోవు సార్" అన్నాడు. ముత్తవ్వ పేరు మాత్రం ఊళ్లో ఉన్న ముసలి మేనత్త చెప్పగా ఆ జిరాక్సు మీద అతనే పెన్నుతో రాసుకున్నాడు. ఆ పేరు నేనిక్కడ చెప్పను, అది వారి ఇంటి సొత్తు.

మిత్రులారా, ఈ సభలో నేను మనవి చేయదలచినది ఇదే. మన దేశంలో జీతగాని పేరు సర్కారు లెక్కల్లో లేదు, ఉన్నచోటు దొరల, షావుకార్ల పద్దుల్లో. అతణ్ణి కట్టివేయడానికి రాసిన పుస్తకమే ఇప్పుడు అతని వంశానికి మిగిలిన ఆధారం. అట్టి పుస్తకాలు మన ఇండ్లలోనే ఉన్నాయి. ఇల్లు అపార్టుమెంటుకు ఇచ్చేటప్పుడు అటక ఖాళీ చేసి పాత కాగితాలవాడికి కిలోల లెక్కన వేస్తున్నాము. దయచేసి వేయకండి. భూమి ఉన్న ఇంటి నుంచి వచ్చినవారు ఒకసారి ఆ ట్రంకు పెట్టె తెరవండి. మోడీ లిపిలోనో, ఉర్దూలోనో ఉంటే చదవగలిగినవారు ఇంకా మనలో ఒకరిద్దరు ఉన్నారు, వారుండగానే చదివించుకోండి. జీతగాళ్ల పేర్లున్న పేజీల నకళ్లు వారి వారసులకు అందజేయండి. సిగ్గుపడవలసింది లేదు, భయపడవలసింది అంతకంటె లేదు. ఆ వెట్టి బాకీలు 1976 చట్టంతోనే రద్దయిపోయాయి. మిగిలింది పేర్లు మాత్రమే. పుస్తకం దాచుకోలేమనుకుంటే తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారం వారిని అడిగి చూడండి.

రెండో మనవి. 2021లో జరగవలసిన జనాభా లెక్కలు వాయిదాపడి, 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరపాలని కేంద్ర ప్రభుత్వం 2025 జూన్ 16న ప్రకటించింది. ఈసారి కులం కూడా రాస్తారు, కాగితం బదులు ఫోనులో ఎక్కిస్తారు. మన ఇంటికి వచ్చినవారికి మన వివరాలు ఎట్లాగూ చెబుతాము. కాని మన అపార్టుమెంటు సెల్లారులో ఒక్క గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం సంగతి చూడండి. వారిలో చాలామంది ఊళ్లో పొలంపని దొరక్క వచ్చిన కూలీలే, నేను ఇంతసేపూ చెప్పిన జీతగాని మునిమనుమలే. ఎన్యూమరేటరు మూడో అంతస్తు దాకా లిఫ్టులో వచ్చిపోతాడు, సెల్లారు గది కంటబడకపోవచ్చు. అమ్మా, అయ్యా, మీరు పిలిచి చూపించండి. భార్య పేరు వాచ్‌మన్ భార్య అని కాక, ఆమె పేరే చెప్పించండి. కట్టడాల దగ్గర గుడారాల్లో ఉండేవారిని కూడా గుర్తుచేయండి.

అయితే లెక్కల్లో రాయిస్తే పని అయిపోయిందనుకోవద్దు. 1948 జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ రికార్డు చూసే హక్కు ఎవరికీ లేదు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరాదు. ప్రజలు భయం లేకుండా నిజం చెప్పాలని ఆ ఏర్పాటు, అది మంచిదే. స్కాట్లండువారివలె నూరేండ్ల తరువాత తెరిచే నిబంధన మాత్రం మన చట్టంలో లేదు. కనుక మన పుస్తకం మనమే రాసుకోవాలి.

ఇందుకు పెద్ద విద్య అక్కరలేదు. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు చాలు. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ ఎట్లా రాశామో అట్లాగే. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టిన ఊరు, చేసిన పని, మారిన ఊళ్లు. పుట్టిన తేదీ తెలియకపోతే ఆధార్ కార్డులో ఉన్నట్లు జనవరి 1 అని వేయకండి. పోలీసు యాక్షన్ నాడు చంకలో ఉన్నాను అంటే అది 1948. మూసీ వరదకు తల్లి కడుపులో ఉన్నానని తన తల్లి చెప్పేదంటే అది 1908. విన్నమాట విన్నట్లు రాసి, చెప్పినవారి పేరు, రాసిన తేదీ వేయండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మకు చదువు రాకపోతే ఆమె చెప్పగా ఆమె కుటుంబానికి కూడా ఒక పేజీ రాసి, ఆమె చేతికే ఇవ్వండి. ఫెయిర్ కాపీ రాయడంలో మనల్ని మించినవారెవరండీ! ముప్పై అయిదేండ్లు పరుల ఫైళ్లు రాశాము.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మన సంఘం తరఫున అట్టి నోటుబుక్కులు కొన్ని కొని సభ్యులకు పంచితే బాగుంటుందని సభాముఖంగా ప్రతిపాదిస్తున్నాను. ఖర్చు స్వల్పమే. కార్యవర్గంవారు వచ్చే సమావేశపు అజెండాలో ఈ అంశం చేర్చగలరని ఆశిస్తున్నాను.